బోణీ మ్యాచు

మా మనవరాలు నిత్య కొత్త బాస్కెట్‌బాల్ కొనుక్కుని రెండు రోజులైంది. ఇల్లంతా ఒకటే రబ్బరు వాసన, వంటింట్లో పోపు పెట్టినా పోవడం లేదు. నిన్న పొద్దున ఆ బంతిని ఒళ్ళో పెట్టుకుని, ఫోనులో ఏవో అమెరికా జట్ల ఆట చూస్తూ, "అమ్మమ్మా, సిరీస్ అయిపోయినట్టే! మొదటి మ్యాచ్‌లోనే ముప్పై ఆరు పాయింట్ల తేడా. ఇంక మిగతావి ఎందుకు ఆడడం?" అంది. ఇదే మాట, ఇంతే ధీమాగా, నా పదేళ్ళప్పుడు లాల్‌దర్వాజాలో మా బాపు అన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో జరిగిన దాని నుంచి నేను ఇప్పటికీ తేరుకోలేదు.

బాపుది ఉస్మాన్‌గంజ్‌లో చింతపండు, ఎండుమిర్చి టోకు దుకాణం. ఎండాకాలం కొత్త సరుకు దిగే రోజుల్లో ఆయనకంటే ముందు మిరప ఘాటు గడప దాటి వచ్చేది, మేమంతా వరసగా తుమ్మేవాళ్ళం, ఆ తుమ్ములు విని అమ్మ కంచాలు పెట్టేది. ఆయనకు దేవుడి తర్వాత దేవుడు బోణీ. పొద్దున మొదటి బేరం మంచిగా కుదిరితే ఆ రోజుకు ఇక తిరుగులేదని, అది చెడితే సాయంత్రం దాకా ఏదీ కలిసిరాదని నమ్మకం. అందుకే మొదటి గిరాకీని ఉత్త చేతులతో పంపేవాడు కాదు, బోణీలో అమ్మిన సరుకును ఎవరెంత బతిమాలినా వాపసు తీసుకునేవాడు కాదు. ఓసారి ఒకాయన మిరప బస్తా తిరిగి తెస్తే, ఆయనకు చాయ్ తాగించి, బస్తాను మళ్ళీ అదే రిక్షాలో ఎక్కించి సాగనంపాడట.

ఆ వేసవిలో నా లోకమంతా వట్టివేళ్ళ తడకల మీద నీళ్ళు చల్లడం, గచ్చు మీద సుద్దముక్కతో అష్టాచెమ్మ గీసుకోవడం, పచ్చి మామిడి ముక్కలు ఉప్పుకారంలో అద్దుకుని పళ్ళు పులిసేదాకా తినడం. ఇంటర్ పూర్తిచేసిన మా సరళక్క లోకం వేరు. గల్లీ చివర ఆడపిల్లల బడిలో సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేది. పంజాబీ డ్రెస్సుల మీద చున్నీలు నడుముకు బిగించి, అక్కా, గల్లీలోని మరో నలుగురు అమ్మాయిలూ చీకటి పడేదాకా అక్కడే. మూసీ నది అవతల, ఆటల జట్టున్న కాలేజీలో డిగ్రీ చదవాలని అక్క పట్టుదల, పిల్ల మూసీ దాటొద్దని బాపు పట్టుదల. ఇంట్లో రోజూ లొల్లి. ఇంతలో సంతోష్‌నగర్ అమ్మాయిలతో మూడు మ్యాచులు ఖాయమయ్యాయి, రెండు గెలిచినవాళ్ళదే సిరీస్. బాపు తేల్చి చెప్పేశాడు. "గెలిస్తే కాలేజీకి పో. ఓడితే ఇంట్ల కూసో. మాటంటే మాట."

మొదటి మ్యాచు మా కోర్టులో. సంతోష్‌నగర్ పిల్లలు మట్టి గ్రౌండులో ఆడేవాళ్ళు. మా సిమెంటు మీద బంతి వాళ్ళు అనుకున్నదానికంటే ఎత్తు లేచి తలల మీదుగా పోతుంటే బిత్తరపోయి చూశారు. వాళ్ళలో అందరికంటే పొడుగైన మేరీ అనే అమ్మాయి రెండుసార్లు జారిపడింది. నలభై ఒకటి, తొమ్మిది! జన్మలో ఆట చూడని బాపు దుకాణం పెందలాడే కట్టేసి వచ్చి, పక్కనున్న పెద్దమనిషి వీపు మీద దబదబా చరుస్తూ గెంతుతుంటే నేను నోరు తెరిచి చూశాను. ఆయనకు గెంతడం వచ్చని మాకెవ్వరికీ తెలియదు.

"ఇగ తిరుగు లేదు. బోణీ గిట్లయినంక మిగిలిన రెండు ఉత్తవే" అన్నాడు ఇంటికొస్తూ. మర్నాడు దుకాణం కూడా తెరవకుండా మూసీ దాటి పోయి, కాలేజీ ఫారం నింపి ఇచ్చి వచ్చాడు. ఆపైన బోణీ చెడకుండా కాపాడే పని మొదలైంది. ఆడిన ఐదుగురే ఆడాలి, మధ్యలో ఎవ్వరినీ మార్చొద్దు, ఆ రోజు వేసుకున్న బట్టలు ఉతకొద్దు. మండే ఎండల్లో ఆ చెమట బట్టలు దండెం మీద వేలాడుతుంటే అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తిరిగింది.

రెండో మ్యాచు సంతోష్‌నగర్‌లో. వాళ్ళ మట్టిలో మా బంతి లేవనే లేదు, ఐదు పాయింట్లతో ఓడిపోయాం. బాపు చలించలేదు. "నడుమ జర గిరాకీ తగ్గుతది, ఫికర్ జెయ్యకు" అన్నాడు. మూడోది మళ్ళీ మా కోర్టులోనే కాబట్టి గల్లీలో అప్పుడే లడ్డూలు చుట్టడం మొదలైంది. తీరా చూస్తే, నడుమ దొరికిన వారం రోజులూ సిమెంటు నేల ఎక్కడ వెతుక్కున్నారో గానీ, వాళ్ళు దాని మీద చెమటోడ్చి సాధన చేసి వచ్చారు. మేరీ ఒక్కసారి జారలేదు. మా ఐదుగురూ మార్చేవాళ్ళు లేక రొప్పుతున్నారు. ఒక్క పాయింటు వెనక ఉండగా అక్క వేసిన చివరి బంతి రింగు చుట్టూ తిరిగి తిరిగి బయటికి పడింది. నలభై ఒకటి, తొమ్మిది కొట్టినవాళ్ళం ఎట్లా ఓడిపోతామో నా బుర్రకు ఎక్కలేదు. ఎవరో లెక్క తప్పు రాశారని కూడా ఏడ్చాను.

ఇంటికొచ్చాక బాపు గడప మీద కూలబడ్డాడు. "రేపు పోయి ఆ ఫారం వాపస్ తెస్త. మాటంటే మాట" అన్నాడు. అక్క కాళ్ళు కడుక్కోకుండా బావి గట్టు దగ్గరే నిలబడిపోయింది. ఇన్ని రోజుల లొల్లిలో ఒక్క మాట మాట్లాడని మా అమ్మ, పిండి చేతులతో వంటింట్లోంచి వచ్చింది.

"బోణీల ఇచ్చిన సరుకు మీరెన్నడన్న వాపస్ తీస్కున్నరా?"

బాపు అమ్మను ఆ ఇంట్లో కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. లేచాడు, చెప్పులు వేసుకున్నాడు, ఎక్కడికీ పోకుండానే విప్పేశాడు. మర్నాడు మామూలుగా ఉస్మాన్‌గంజ్‌కు పోయాడు. ఫారం సంగతి మళ్ళీ ఎత్తలేదు. అక్క చదివింది, కాలేజీ జట్టులో ఆడింది, సర్కారు నౌకరీ చేసి రిటైరైంది. నేను పెళ్ళయి ఆ సంతోష్‌నగర్‌కే కోడలిగా వచ్చాను, అది వేరే సంగతి.

ఇప్పుడు ఆ బడి లేదు, కోర్టు ఉన్నచోట నాలుగంతస్తుల షాపులు. బాపు లేడు, అమ్మ లేదు, మిరప ఘాటుకు వరసగా తుమ్మిన ఇల్లూ లేదు. ఇదంతా నిత్యకు చెప్పి, అమ్మ మాట దగ్గర పిల్ల పడీపడీ నవ్వుతుందని ఎదురుచూశాను. ఇన్నేళ్ళుగా అందరూ అక్కడే నవ్వారు. అది నవ్వలేదు.

"మరి మిగతా నలుగురు? వాళ్ళేం చదివారు?" అంది.

వందసార్లు చెప్పిన కథ ఇది. ఆ ప్రశ్న ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. అక్కతో సమానంగా ఉరికినవాళ్ళు, అవే ఉతకని బట్టల్లో ఆడినవాళ్ళు. వాళ్ళలో ఇద్దరి పేర్లు కూడా నాకు గుర్తు లేవు. సిగ్గేసింది. అక్కకు ఫోన్ చేశాను. నలుగురి పేర్లూ గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"వాళ్ళెవ్వరు సదువలే. మేము గెలిచినా గూడ, పోయేది నేనొక్కదాన్నే. వాళ్ళకు ఆడే ముందే తెలుసు. తెలిసే ఉరికిన్రు, నా కోసం."