ఆయన చదివే యుద్ధం వేరు

తన పరిశోధన వేతనం ఆపేశారని చెప్పడానికి లెక్చరరు గారు స్వయంగా ఆ ఊరికి వచ్చారు. నేనూ వెంట ఉన్నాను. మిలిటరీ నుంచి తిరిగొచ్చిన మనిషి పంచలో కూర్చుని దూది ఏకుతున్నాడు. విని, "అట్నా అండీ" అన్నాడు. చేతిపని ఆపలేదు.

అరవైల మొదట్లో సంగతి. అప్పుడు నేను గుంటూరులో ఒక దినపత్రికకు విలేకరిని. లెక్చరరు గారు మా వీధిలో ఉండేవారు, కాలేజీలో చరిత్ర చెప్పేవారు. నైజాం నవాబు గుంటూరు సీమను ఇంగ్లీషు కుంపిణీకి ఎలా వదులుకున్నాడు, అందుకు నడిచిన యుద్ధాలేమిటి, రాయబారాలేమిటి అన్నది ఆయన పరిశోధన. విశ్వవిద్యాలయం నెలనెలా కొంత ఇచ్చేది. ఢిల్లీలో పాత కాగితాలు చూసి రావడానికి ఖర్చులు కూడా ఇచ్చింది.

చీరాలకు పడమట నల్లరేగడిలో ఉన్న ఆ ఊళ్లో కుంపిణీ సైన్యం విడిది చేసిందని ఎవరో చెబితే మొదటిసారి వెళ్లాం. మిరపకాయలు ఆరబోసిన కల్లాలు తప్ప ఏమీ కనపడలేదు. యుద్ధాలు చదివే ఆయన వచ్చాడని తెలిసి ఈ సిపాయి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. కిందటి పెద్ద యుద్ధంలో అన్నదమ్ములిద్దరూ చేరారు. తమ్ముడు బర్మా వైపు తప్పిపోయాడన్న కబురు వచ్చింది. ఆ తర్వాత ఏదీ రాలేదు.

"మావోడి సంగతి కాస్త చూసి పెట్టండయ్యా."

"నేను చదివేది నవాబుల కాలం నాటిదండీ."

"ఏ కాలందైతే ఏముందండీ. సర్కారు జీతమిచ్చి మిమ్మల్ని యుద్ధాల మీదే పెట్టింది గదా."

పక్కనున్న రైతు నవ్వాడు. "ఒరేయ్, మీ తమ్ముణ్ణి నైజాం నవాబు దగ్గర వెతకమంటావా ఏందిరా!"

తలుపు వెనక నుంచి తమ్ముడి భార్య అంది: "పోయాడనైనా చెప్పమను బావా. షబేబరాత్ పండగ వస్తంది. ఆయన పేరున ఫాతెహా చదివించాలా వద్దా?"

ఎవరూ నవ్వలేదు. చనిపోయినవాళ్ల కోసం చదివించేది బతికున్న మనిషికి చదివించకూడదని ఆమె భయం.

ఢిల్లీలో లెక్చరరు గారు ఆ తమ్ముడి జాడ కోసం చాలా రోజులు మిలిటరీ ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఈ మధ్య యుద్ధపు కాగితాలు బయటివాళ్లకు చూపించేది లేదన్నారట. తన పరిశోధనలో ఒక్క అధ్యాయమూ రాయలేదు. ఏడాది చివర, చేసింది చేసినట్టు పైవాళ్లకు చెప్పారు. విషయానికి సంబంధం లేని పని అని వాళ్లు వేతనం నిలిపేశారు.

అదంతా ఆయన చెబుతుంటే ఈసారి ఆమె తలుపు దాటి వచ్చి నిలబడింది.

"మా ఆయన యుద్ధం ఇంకెవరన్నా చదువుతున్నారా అండీ?"

"తెలియదమ్మా," అన్నారు.

టీ ఇచ్చారు. తాగి బస్సెక్కాం.

మేం వెళ్లొచ్చాక వచ్చిన షబేబరాత్‌కు వాళ్లింట్లో ఎప్పుడో పోయిన ఆమె మామగారి పేరున మాత్రమే ఫాతెహా చదివించారని తర్వాత విన్నాను. లెక్చరరు గారి పరిశోధన పూర్తి కాలేదు. సిపాయి తమ్ముడు ఎక్కడ పోయాడో, అసలు పోయాడో లేదో, నాకు తెలిసినంతవరకు తేలలేదు.