పిల్లల గుంపు మీద గాలం

మా అమ్మ చేపలు పడుతుంది. దవాఖానలో నాతోపాటు పనిచేసే నర్సులకు ఈ మాట చెబితే నమ్మరు. ధర్మసాగర్ దాటాక లోపలికి ఉన్న ఊరు మాది. ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక అమ్మ వెదురు గాలం భుజాన వేసుకుని, డబ్బాలో ఎర్రలతో చెరువు కట్టకు బయలుదేరేది. నేను ఆమె వెంట నడిచేదాన్ని. హనుమకొండలో కాపురం పెట్టాక కూడా వీలైనప్పుడల్లా వెళ్తూనే ఉన్నాను.

వానాకాలం వచ్చిందంటే మాత్రం అమ్మ కొర్రమట్ట జోలికి పోదు. కొత్త నీళ్లు చేరగానే ఆ చేప చెరువు అంచున నీళ్లలో పెరిగే తూటాకు మధ్య గుడ్లు పెడుతుంది. పుట్టిన పిల్లలు ఎర్రగా, మిరపగింజలంత ఉండి, గుంపుగా నీటి పైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి. అవి కదులుతుంటే ఆ కాస్త మేర నీళ్లు సన్నగా ఉడుకుతున్నట్టు కనిపిస్తుంది. కింద తల్లీ తండ్రీ కాపలా కాస్తుంటాయి. పిల్లల దగ్గరికి ఏది వచ్చినా, కప్పయినా కర్రయినా, మీదపడి కరుస్తాయి. అందుకే ఆ రోజుల్లో కొర్రమట్టను పట్టడమంత తేలిక ఇంకొకటి లేదు. అమ్మ పట్టకపోవడానికీ కారణం అదే.

పోయిన వానాకాలం మా ఆయనా నేనూ ఊరికి బయలుదేరుతుంటే మా మరిది కూడా వస్తానన్నాడు. ఫోన్లో చేపల వీడియోలు చూసీ చూసీ కొత్త రాడ్డు, రీలు, రబ్బరు కప్ప కొనుక్కున్నాడు. చెరువు దగ్గర చాలాసేపు ఏమీ పడలేదు. తర్వాత తూటాకు పక్కన ఎర్ర గుంపు అతని కంటపడింది. అక్కడ పెద్ద చేప ఉంటుందని అతనికి తెలుసు. అదీ వీడియోలోనే చూశాడట.

అతను రాడ్డు ఎత్తుతుంటే అమ్మ లేచి నిలబడింది.

"అటు ఎయ్యకు బిడ్డా. అవి పిల్లలను కాస్తున్నయి."

"గందుకే అత్తమ్మా, మస్తుగ కొడ్తయి. జర సూడు," అన్నాడు నవ్వుతూ.

అల్లుడి తమ్ముడు, ఇంటికొచ్చిన చుట్టం. అమ్మ ఇంకేమీ అనలేకపోయింది. ఆ మర్యాదను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రబ్బరు కప్ప గుంపు నడుమ పడీ పడగానే నీళ్లు పగిలాయి. చేయంత చేప ఒడ్డుకొచ్చి పడింది. దాన్ని సంచిలో వేసి మళ్లీ విసిరాడు. జతలో మిగిలిన చేప పిల్లలను వదిలి పోలేదు. అది కూడా కరిచింది. రెండో చేపను రెండు చేతులా ఎత్తి పట్టుకుని, వీడియో తీయమని ఫోను నాకు ఇవ్వబోయాడు. నేను చేయి చాచలేదు. మా ఆయన తీసుకుని తీశాడు. ఆ వీడియోలో వెనక నీళ్లమీద కొంగలు వాలడం కూడా కనిపిస్తుంది. దిక్కులేని పిల్లలు చెదిరిపోతుంటే గింజలు ఏరుకున్నట్టు ఏరుకు తిన్నాయి. కింది నుంచి జెల్ల చేపలు కూడా తిన్నాయేమో, నీళ్లు అక్కడక్కడా ఎగిరిపడ్డాయి. కాసేపట్లో అక్కడ ఎర్రదనమే లేదు.

ఇంటికొచ్చి పులుసు పెట్టమన్నాడు. నేను ముట్టనన్నాను. మా ఆయన నన్ను పక్కకు పిలిచి, ఇంటికొచ్చినవాడిని చిన్నబుచ్చుతావా అన్నాడు. నువ్వేమన్నా చేపలు తిననిదానివా అని కూడా అడిగాడు. తింటాను. ఇష్టంగా తింటాను. ఆకలేసి ఎరను మింగిన చేప వేరు, పిల్లలమీదికి వచ్చిందని పగబట్టి కరిచిన చేప వేరు. ఈ తేడా చెబితే ఇద్దరన్నదమ్ములూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి వాళ్లే వండుకున్నారు. అమ్మా నేనూ తొక్కు పచ్చడితో అన్నం తిన్నాం.

మరిది ఆ వీడియోను అందరికీ పంపాడు, ఊరి పేరుతో సహా. తర్వాతి ఆదివారం మేము వెళ్లేసరికి కట్టమీద వరుసగా బైకులు. ఎవరెవరో కుర్రాళ్లు గుంపుల కోసం నీళ్లను వెతుకుతున్నారు. చెరువు అవతలి మూల ఇంకొక ఎర్ర గుంపు ఉందని అమ్మకు తెలుసు. గాలం పక్కనపెట్టి అక్కడికి వెళ్లి కూర్చుంది. ఎవరైనా రాడ్డు ఎత్తగానే మట్టిపెళ్ల తీసి వాళ్ల ముందర నీళ్లలోకి విసిరేది. చప్పుడుకు గుంపు లోపలికి మునిగిపోయేది. పైకి తేలాక వాళ్లు మళ్లీ ఎత్తేవారు, అమ్మ మళ్లీ విసిరేది. నేనూ వెళ్లి పక్కన కూర్చుని పెళ్లలు అందించాను.

"ఏం జేస్తున్నవ్ అమ్మా, మా ఆట ఖరాబ్ జేస్తున్నవ్," అన్నాడొకడు.

"నీకు ఆటనే. దానికి సంసారం," అంది అమ్మ.

ముసలామెతో ఎందుకని గొణుక్కుంటూ పొద్దుగూకే వేళకు వెళ్లిపోయారు. ఆ గుంపు ఆ రోజుకు మిగిలింది. మిగతా రోజుల్లో ఏమైందో తెలియదు. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో కాపలాకు అమ్మకు ఓపిక లేదు, నాకు డ్యూటీలు. ఊళ్లో చేపల సంఘం పెద్దమనిషిని కలిసి, వానలు పడ్డ కొత్తలో బయటివాళ్ల గాలాలు ఆపించమని అడిగాం. చూద్దామన్నాడు. చూస్తూనే ఉన్నాడు.

ఈ ఏడు తొలి వాన పడ్డ వారానికే మరిది ఫోన్ చేశాడు, ఊరికి ఎప్పుడు పోతున్నామని. నేను రావద్దన్నాను.

"గదే ఇంక మనసుల పెట్టుకున్నవా వదినె?"

"పెట్టుకున్న," అన్నాను. మా ఆయన పక్కనే ఉన్నాడు, విన్నాడు. రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. ఉండనీ అనుకున్నాను.