అమ్మకు రాని భాషలో

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో ఉప్పల్‌లో ఒక సభ పెట్టారు. విషయం, మనల్ని ఏలినవారి భాషల్లో రాసిన స్త్రీలు. నన్నూ పిలిచారు. నేను కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని, కథలూ ఇంగ్లీషులోనే రాసేదాన్ని. నాచారంలో మా పక్కింటి టీచరు తోడొచ్చారు. ఆవిడది గుంటూరు వైపు. తెలుగులో కథలు రాస్తారు.

సభలో నా కథ ఒకటి చదివాను. చిన్నప్పుడు మా అక్క జ్వరమొచ్చి దవాఖానాలో చనిపోయిన కథ. చదవడం అయిపోగానే వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచింది.

“మేడమ్, మీ అమ్మకు ఇంగ్లీషొస్తదా?”

“రాదు.”

“మరి ఆమె దుఃఖం ఎవరికి జెప్తున్నరు?”

ఆ కథ తెలుగులో మొదలుపెట్టిన ప్రతిసారీ రెండో వాక్యానికే ఏడుపు ముంచుకొచ్చేది. ఇంగ్లీషులోనైతే ఎవరింట్లోనో జరిగినట్టు రాయగలిగాను. అది జవాబో, సాకో నాకే తెలియలేదు.

పక్కింటావిడ లేచారు. “ఏ భాషైతే ఏంటమ్మా? ముందు ఆడవాళ్లని రాయనివ్వండి.”

ఆ అమ్మాయి ఆవిడ వైపు తిరిగింది. “మీ తెలుగు గూడ మా మీద పెత్తనం జేసిందే గద మేడమ్. మేం ‘వచ్చిండు’ అని రాస్తే తప్పని కొట్టేసిన్రు.”

కొందరు చప్పట్లు కొట్టారు. నా చేతులూ కలవబోయి ఆగిపోయాయి.

తిరిగొస్తుంటే షేర్ ఆటోలో ఆవిడ మెల్లగా అడిగారు. “నేనూ పెత్తనం చేశానంటారా?”

బళ్లో నా ‘వచ్చిండు’ని కొట్టేసిన టీచరూ ఈవిడలాగే మాట్లాడేది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు రోజూ జావ కాచి తెచ్చిందేమో ఈవిడే. నా జవాబు కోసం చూసి చూసి, మందుల షాపులో పనుందంటూ ఆవిడ ముందే దిగిపోయారు.

ఇంట్లో అమ్మ గోంగూర తెంపుతోంది. “మీటింగుల ఏం జెప్పినవే?” అంది.

పక్కన కూర్చుని ఆ కథంతా మా ఇంటి మాటల్లో చెప్పాను. అక్కను మంచం మీంచి దించే చోట ఆగిపోయాను. అక్కడినుంచి అమ్మ అందుకుంది. నా కథలో అమ్మ గుండెలు బాదుకుని ఏడుస్తుంది. నిజానికి ఆమె ఏడవలేదట. ఏం చేసిందో చెప్పింది.

“గిదంత నాకు తెల్వదే అమ్మా!”

“ఎట్ల తెలుస్తది? ఎన్నడన్న అడిగినవా?” ఆకులన్నీ గిన్నెలోకి ఎత్తింది. “గిది మాత్రం రాయకు. ఏ భాషల గూడ.”

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆ సభ తర్వాత పక్కింటావిడకూ నాకూ తగ్గిన మాటలు మళ్లీ కలిశాయి. ఆటోలో ఆవిడ అడిగిన ప్రశ్నను మాత్రం ఇద్దరం ఎత్తలేదు. అమ్మ చెప్పింది నేనింకా రాయలేదు. వద్దంది కాబట్టే రాయలేదా, ఏ భాషలో మొదలుపెట్టాలో తెలియకా అంటే, నాకిప్పటికీ అంతుపట్టదు.