సుందరమ్మ దొంగ చీల

గుండ్లపోచంపల్లి నుంచి శామీర్‌పేట దాకా ఉన్న ఇళ్లల్లో సగం తలుపులు బాలాత్రిపురసుందరి చేసినవే. ఆమె నేర్పకపోతే మేడ్చల్ వడ్రంగులకు ఉలి ఏ కొసన పట్టుకోవాలో కూడా తెలిసేది కాదు. సరే, సగం అన్నది కొంచెం ఎక్కువే. నాలుగు తలుపులు. అందులో ఒకటి మేకల కొట్టానిది. నేర్పడం సంగతి కూడా తిరగేసి చెప్పుకోవాలి, లచ్చయ్య అనే వడ్రంగే ఆమెకు నేర్పాడు. మిగతాదంతా మాత్రం అక్షరం పొల్లుపోకుండా జరిగింది, ఆమె అన్నగా నాదీ పూచీ.

సుందరమ్మది గుడివాడ వైపు. భర్త చలపతిరావు నీటిపారుదల శాఖలో హెడ్ క్లర్కు. హైవేకి నాలుగు సందుల లోపల కాలనీలో ఇల్లు కట్టి, పెరట్లో స్కూటరుకు రేకుల షెడ్డు వేయించి, తొంభై ఏడులో గుండెపోటుతో పోయాడు. స్కూటరును మరిది తీసుకెళ్లాడు. షెడ్డు మిగిలింది. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లూ ఆమెను ఏదో ఒకటి మానమని చెప్పి వెళ్లారు. పూలు మానమన్నారు, పేరంటాలు మానమన్నారు, పెళ్లిళ్లలో ముందు వరసలో కూర్చోవడం మానమన్నారు. ఏడాది తిరిగేసరికి మానాల్సినవన్నీ అయిపోయాయి. చేయాల్సింది మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

అప్పుడే పూజగదిలో పీట కాలు విరిగింది. శామీర్‌పేటలో లచ్చయ్య కొట్టుకు పట్టుకెళితే రేపు రమ్మన్నాడు. అలా ఎనిమిది రేపులు గడిచాయి. తొమ్మిదోసారి ఆమె కొట్టు ముందు దుంగ మీద చతికిలబడింది.

"నువ్వు చేసేదాకా కదలను," అంది.

"కూసో అమ్మా. నువ్వు కూసుంటే కాలు అతుక్కుంటదా?"

"అయితే ఆ ఉలి ఇటియ్యి."

లచ్చయ్య వేళాకోళానికే ఇచ్చాడు. ఆమె బొటనవేలు కోసుకుంది, కొంగు చింపి కట్టుకుంది, పొద్దు వాలేలోగా కాలు బిగించింది. లచ్చయ్య పీటను నేలమీద పెట్టి వేలితో తోశాడు. అది అటూ ఇటూ ఊగింది.

"గిది పీట గాదమ్మా, ఉయ్యాల," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె మళ్లీ వచ్చి అదే దుంగ మీద కూర్చుంది. ఆ తర్వాత రెండేళ్లు అలా వస్తూనే ఉంది.

ఈలోగా స్కూటరు షెడ్డు రూపం మారింది. వెలుతురు కోసం రేకు కోసి కిటికీ పెట్టింది. ఫ్యాక్టరీలకు యంత్రాలు వచ్చే పెద్ద చెక్కపెట్టెలు మేడ్చల్ పాత సామాన్ల కొట్లో దొరికితే తెచ్చి పలకలు ఊడదీసింది. షెడ్డులో ఆమె మొదట చేసింది పని బల్ల. రెండోది పనిముట్ల పెట్టె. మూడోది మళ్లీ పని బల్లే, మొదటిది కూలిపోయింది కాబట్టి. గోడకు మేకులు కొట్టి రంపాలు, ఉలులు, మూలమట్టం వరసగా తగిలించింది. సిస్టర్ల బడిలో ప్రార్థనకు నిలబెట్టిన పిల్లల్లా అవి ఎత్తు ప్రకారం ఉండేవి. వరస తప్పితే ఆమె ఊరుకునేది కాదు.

కాలనీ అధ్యక్షుడు వచ్చి గేటు దగ్గరే ఆగాడు. "మేడం, ఇక్కడన్నీ ఉద్యోగస్తుల కుటుంబాలు. రంపం చప్పుడు బాగుండదండి. పైగా మీరు ఇప్పుడు..." అని ఆగిపోయాడు.

"ఇప్పుడు ఏమిటి?"

"అదే, సార్ పోయాక."

"సార్ ఉన్నప్పుడు ఈ షెడ్డులో స్కూటరు అరగంట తన్నితే గానీ స్టార్టయ్యేది కాదు. అప్పుడు రాలేదేం?" చిత్రిక పట్టడం ఆపకుండానే అడిగింది. "మీ ఇంట్లో కుంటి స్టూలు ఒకటుంది, వచ్చినప్పుడల్లా చూస్తున్నాను. రేపు పంపండి."

మర్నాడు స్టూలు వచ్చింది. ఫిర్యాదు మళ్లీ రాలేదు.

రెండువేల మూడులో కూతురు అనూహ్య, అల్లుడు హర్ష బౌరంపేట్‌లో ఇల్లు మొదలుపెట్టారు. సింహద్వారం మా అమ్మే చేస్తుందని అనూహ్య మొండికేసింది. శామీర్‌పేటలో పడగొట్టిన పాత ఇంటి టేకు దూలాలు లచ్చయ్య చూసిపెట్టాడు. నాలుగు నెలలు సుందరమ్మ గడప, రెండు నిలువు కమ్ములు, పైకమ్మి చేతితోనే చెక్కింది. బిగించకుండా విడివిడిగానే ఉంచింది. బిగిస్తే షెడ్డు గుమ్మంలోంచి బయటికి రాదు మరి.

చూడటానికి హర్ష తల్లి లలితకుమారి వచ్చింది. గడప మీద చెయ్యి వేసి మెచ్చుకుంది.

"చేసిందేదో చేశారు వదినగారూ, బాగానే ఉంది. ద్వారబంధం ఎత్తే వేళకు మాత్రం మీరు పక్కింట్లో కూర్చోండి. పిల్లలు చల్లగా ఉండాలని మీకూ ఉంటుందిగా."

అనూహ్య నోరు తెరవబోయింది. సుందరమ్మ కూతురి మోచెయ్యి నొక్కింది.

"అలాగే వదినగారూ," అంది.

అమ్మ అంత మెత్తగా మాట్లాడితే భయపడాలని అనూహ్యకు తెలుసు. వియ్యపురాలికి తెలియదు.

ఆ మధ్యాహ్నం సుందరమ్మ షెడ్డులో గడప మీద కూర్చుంది. ఎన్నో మానింది. మానినందుకు ఏడవలేదు కూడా. కానీ నాలుగు నెలలు తన చేతుల్లో నలిగిన చెక్క నిలబడుతుంటే, పక్కింటి వరండాలో కూర్చుని దాని చప్పుడు వినాలా? అది మానేది లేదనుకుంది. లేచి ఉలి తీసింది.

లచ్చయ్య ఒకసారి చెప్పాడు. "మా బాపును పటేల్ అరుగు ఎక్కనియ్యలే. బాపు ఏమన్లే. గాదె తలుపుకు దొంగ చీల పెట్టి ఇంటికొచ్చిండు. మూడు దినాలు గింజ బయటికి రాలే. మళ్ల పటేలే వచ్చి, అరుగెక్కు ముత్తయ్యా అన్నడు."

దొంగ చీల అంటే వేలెడు కొయ్యముక్క. బెజ్జం లోపల అడ్డంగా దాక్కుంటుంది. కమ్మి కొన సగం దాకా దిగి ఆగిపోతుంది. ఎక్కడ కొట్టాలో తెలిసిన చెయ్యి కొడితే చీల పక్కకు జరుగుతుంది. తెలియని చెయ్యి కొడితే ఇంకా బిగుస్తుంది. ఎలా చేయాలో ఆయన ఆమెకు నేర్పాడు కూడా. ఇప్పుడు అదే పెద్ద చిక్కు. ద్వారబంధం బిగించడానికి పెట్టుకున్నది లచ్చయ్యనే. ఆయనకు ఆమె ఏమీ చెప్పలేదు. ఆయన తలుచుకుంటే ఒక్క దెబ్బతో తీసేస్తాడు.

ముహూర్తం తొమ్మిది నలభై నుంచి పది అయిదు వరకు. సుందరమ్మ పక్కింటి వరండాలో కుర్చీలో కూర్చుంది. ఒళ్లో గుడ్డసంచి పెట్టుకుంది. మంత్రాలు ఆగాయి. మొదటి దెబ్బ వినపడింది. ఆమె కళ్లు మూసుకుంది.

మొద్దుగా పలికింది. తప్పు చోట పడిన దెబ్బ అది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. కళ్లకు గంతలు కట్టినా గురి తప్పని మనిషి అయిదు సార్లు తప్పు చోట కొట్టాడు. తర్వాత ఆయన గొంతు పక్కింటి దాకా వినిపించేంత గట్టిగా లేచింది.

"నాతోని గాదు. గిది జేసిన చెయ్యే రావాలె. జల్దీ పిలువున్రి."

అనూహ్య పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, రా."

"నువ్వు కాదు. నన్నిక్కడ కూర్చోబెట్టినవాళ్లు వచ్చి పిలవాలి."

లలితకుమారి గడియారం చూసుకుంటూ వచ్చింది. "వదినగారూ, ఇంక పదకొండు నిమిషాలే ఉంది."

"నేను రావచ్చా?"

"రండి."

"గడప దగ్గరికి?"

లలితకుమారి కొంగు సర్దుకుంది. "రండి."

"అది నిలబడేదాకా ఉండొచ్చా?"

"ఎంతసేపైనా ఉండండి వదినగారూ, ముందు లేవండి."

సుందరమ్మ తొందరపడలేదు. చెప్పులు విడిచి, సంచిలోంచి కళ్లజోడూ కొయ్యసుత్తీ తీసింది. సుత్తి ఎందుకు తెచ్చుకున్నారని ఎవరూ అడగలేదు. గడప పక్కన మట్టిలో గొంతుక్కూర్చుని ఒక్కో బెజ్జం దగ్గర ఒక్కో దెబ్బ వేసింది. కమ్మి కొనలు జర్రున దిగాయి. మూలమట్టం పెడితే వెంట్రుక దూరే సందు లేదు.

"గట్లనా? నాకు తెల్వకపాయె," అన్నాడు లచ్చయ్య, ఆకాశంలోకి చూస్తూ.

హర్ష, కూలీలు ద్వారబంధం ఎత్తి నిలబెట్టారు. ముత్తయిదువలు పసుపు పళ్లెం పట్టుకుని ముందుకు కదిలారు. సుందరమ్మ పళ్లెంలో అరచెయ్యి ముంచింది.

"వదినగారూ," అని లలితకుమారి గొంతు తగ్గించి అంది.

"నాలుగు నెలలుగా ఈ చెక్కను చెక్కింది నా చెయ్యే. చెడేదుంటే ఈపాటికి చెడిపోయే ఉండాలి."

పురోహితుడు గడియారం చూశాడు. "ఎవరు రాసినా ఆరు నిమిషాల్లో రాయాలమ్మా," అని మంత్రం అందుకున్నాడు. ఆమె గడప ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పసుపు రాసింది. అంగుళం వదల్లేదు. ఆ తర్వాత పళ్లెం వియ్యపురాలికి అందించి, "బొట్లు మీరు పెట్టండి," అంది. లలితకుమారి పెట్టింది.

చివర్లో వడ్రంగికి బట్టలు పెట్టాలి. హర్ష పంచె, జరీ కండువా తాంబాళంలో పెట్టి తెస్తే లచ్చయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నేను జేసిన్నా? జేసినామెకు పెట్టు బిడ్డా."

సుందరమ్మ కొంగు పట్టి అందుకుంది. పంచె లచ్చయ్యకు ఇచ్చేసింది. కండువా మాత్రం భుజాన వేసుకుని, బంతిలో ముందు వరసలో కూర్చుని భోంచేసింది.

ఆరేళ్లు గడిచాయి. ఒక ఆదివారం మనవరాలు ధరణి షెడ్డులోకి వచ్చి చెక్కపొట్టులో కూర్చుంది. సుందరమ్మ తలకు పాత జరీ కండువా చుట్టుకుని కుర్చీ కాలు చెక్కుతోంది.

"అమ్మమ్మా, మా గుమ్మంలో దొంగ చీల ఉందటగా? పెద్ద తాతయ్య కథ రాశాడు."

"చీలా లేదు, గీలా లేదు. ఆ గుమ్మం బజార్లో కొన్నది. ముహూర్తం రోజు నాకు జ్వరం, ఇల్లు కదల్లేదు. లలిత వదిన నన్ను పల్లెత్తు మాట అనలేదు. లచ్చయ్యెవరో నాకు తెలియదు."

"మరి తాతయ్య..."

"మా అన్నయ్యకు వేరే పని లేదు. నాకు మేకు కొట్టడమే రాదు. ఆ ఉలి ఇటియ్యి."