ఉప్పు ఆపినవాళ్ళు

మా ఊళ్ళో ఫోన్ పలకాలంటే కాఫీ తోట దాటి పెద్ద బండ ఎక్కాలి. సిగ్నల్ అక్కడే. వార్తల కోసం నేనూ, తన తమ్ముడి ఫోన్ కోసం మిషన్ ఆసుపత్రి నర్సు సిస్టరమ్మా ఆదివారం ప్రార్థన అయ్యాక ఆ బండ మీద కలిసేవాళ్ళం. ఆమెది బర్మా. అక్కడా కొండలే, అక్కడా కాఫీయే. వాళ్ళ పట్టణాన్ని తిరగబడ్డ కుర్రాళ్ళు సైన్యం చేతిలోంచి లాక్కున్నారు. వాళ్ళతో కలిసి పోరాడిన ఆమె తమ్ముడి కాలికి గాయమై చీము పట్టింది. మందులు సరిహద్దు అవతలి పెద్ద దేశం నుంచి రావాలి. ఆ దేశం సరిహద్దు గేటు మూసేసింది.

"ఏటి తాతా, వార్తల్లో ఏటి సెప్పినారు?" అనేది రాగానే. ఆసుపత్రి ఆయాల దగ్గర నేర్చిన తెలుగు, అచ్చం మా మాటే.

"పెద్ద దేశాలు బాధ పడతన్నాయంట."

"ఇమానాలు అమ్మినోళ్ళేనా?"

"ఆళ్ళే."

ఆమె నవ్వేది. నాకు ఒళ్ళు మండేది. నేను బడి మొహం చూడనివాణ్ణి. సంతలో పొట్లాలు కట్టిన పేపరు ముక్కలు కూడబలుక్కుని చదువు నేర్చాను. సగం వార్త చిరిగిపోయి ఉండేది. తక్కిన సగం వెతుక్కోవడం అప్పుడే అలవాటైంది. ఆ సైన్యం దొరతనం సొంత కాళ్ళ మీద నిలబడిందంటే నేనొప్పుకోను. ఒకడు విమానాలిచ్చి, ఒకడు గనులు తవ్వుకుని, చెరో చంకా పట్టి నిలబెట్టారు.

ఇంట్లో ఇదంతా అంటే మా ఆవిడ, "మిరియాలు కోళ్ళు కెలికేత్తన్నాయి. ముందు ఆటిని అదిలించు, బర్మా దొరల్ని తరవాత అదిలిద్దువుగాని" అనేది.

ఒక ఆదివారం సిస్టరమ్మ అడిగింది: "గేటు మూత్తే ఆళ్ళకేటొత్తాది తాతా?"

నా చిన్నతనంలో మైదానం వర్తకులు సంతకు ఉప్పు తెచ్చి, మా చింతపండు పట్టుకుపోయేవాళ్ళు. ఒక ఏడు వాళ్ళ తూకం దొంగదని మా వాళ్ళు చింతపండు ఇవ్వలేదు. మరుసటి సంతకు ఉప్పు రాలేదు. ఆ పై సంతకూ రాలేదు. ఒక్క దెబ్బ వెయ్యలేదు, ఒక్క మాట అనలేదు. చప్పిడి గంజి తాగలేక మేం ఏడిస్తే, మా నాన్నే చింతపండు కావడి ఎత్తుకుని వాళ్ళ దగ్గరికి దిగివెళ్ళాడు.

"మీ కుర్రాళ్ళు సైన్యానికి పట్నం ఇచ్చేసేదాకా తియ్యరమ్మా," అన్నాను.



తర్వాతి ఆదివారం ఫోన్ రాలేదు. ఎండకు బండ కాలుతున్నా ఆమె కదల్లేదు. ఆ పై వారం మోగింది. తన భాషలో గబగబా మాట్లాడింది, ఏడ్చింది, చివరికి నవ్వింది.

"గేటు తీసినారు తాతా! మందులొచ్చినాయి. జొరం తగ్గినాది."

"మరి పట్నం?"

"ఇచ్చేసినారు."

వాళ్ళ ఇల్లు ఆ పట్టణంలోనే ఉంది. మళ్ళీ సైన్యం దిగిన చోట ఆ కుర్రాడు ఇక అడుగు పెట్టలేడు. కుంటికాలితో అడవే గతి. నా నోటిదాకా తిట్లు వచ్చాయి.

"ఈ ఒక్క పూట తిట్టకు తాతా," అంది నా చెయ్యి పట్టుకుని. "మా గుంటడు బతికినాడు."

ఊరుకున్నాను. నా చేతిలో ఫోన్ వార్తలు చదువుతూనే ఉంది: పెద్ద దేశం చొరవతో అక్కడ శాంతి కుదిరిందట. ఆమె వినకుండా కట్టేశాను. ఆ పూట మింగిన తిట్లే ఇక్కడ రాస్తున్నాను.