పైలీ డాక్టరు గారికి ఏదీ తేలదు

పైలీ డాక్టరు గారికి ఏదీ ఒక పట్టాన తేలదు. టీయా, కాఫీయా అని అడిగితే చాలు, ఉరిశిక్షా, యావజ్జీవమా అని అడిగినట్టు ముఖం పెట్టేవారు. అలాంటి మనిషి చేసే ఉద్యోగం ఏమిటంటే, వయసు మళ్లినవాళ్ల మెదడు నిర్ణయాలు ఎలా తీసుకుంటుందో పరీక్షించి చెప్పడం. త్రిశ్శూరులో మా ఆసుపత్రి మూడో అంతస్తులో ఆ విభాగానికి ఆయనే పెద్ద. పడవెక్కితే కళ్లు తిరిగేవాణ్ణి పడవ పందేలకు నాయకుణ్ణి చేసినట్టుంది అని మా కాంటీన్ వాళ్లు నవ్వుకునేవారు. నేను, అంటే లిస్సీని, మనస్తత్వ పరీక్షలు చేసే ఉద్యోగంలో ఆయన కింద చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి, నవ్వడానికి వాళ్లకంటే నాకే ఎక్కువ హక్కు ఉంది.

ఆయన దగ్గర రెండు గొడుగులుండేవి. పొడుగుదొకటి, మడతపెట్టేదొకటి. జూన్ వానలు మొదలయ్యాయంటే సాయంత్రం ఆసుపత్రి వరండాలో రెండు చేతుల్లో రెండు గొడుగులు పట్టుకుని నిలబడిపోయేవారు. బెంచీ మీద ఆటో కోసం ఎదురుచూసే ముసలాయన ఎవరో ఒకరు దొరికేవారు.

"చేట్టా, ఏది తీసుకెళ్లమంటారు?"

"గాలి ఎటునుంచి కొడుతోంది?"

"పడమటి నుంచి."

"అయితే పొడుగుదే. చిన్నది తిరగబడుద్ది."

పక్కనున్న అవ్వ ఒప్పుకునేది కాదు. "పొడుగుదాంతో బస్సెక్కితే ఎవరి కన్నో పోద్ది. చిన్నదే పట్టుకెళ్లు నాయనా."

"ఈవిడెవరమ్మా మధ్యలో?"

"నువ్వెవరు మరి?"

వాళ్లిద్దరూ తగువుపడి తేల్చేలోపల వాన వెలిసిపోయేది. డాక్టరు గారు రెండు గొడుగులూ చంకన పెట్టుకుని, పొడి చొక్కాతో ఇంటికి పోయేవారు.

ఒకసారి మా విభాగానికి రంగులు వేయాల్సి వచ్చింది. పెయింటరు రంగుల అట్ట తెచ్చి చూపించాడు. డాక్టరు గారు ఆ అట్ట పట్టుకుని, పరీక్షల కోసం వరసలో కూర్చున్న పెద్దవాళ్ల మధ్యకు వెళ్లారు. ఒకాయన లేత పచ్చ అన్నాడు. ఒకావిడ పచ్చ చూస్తే ఆసుపత్రి గుర్తొస్తుందంది. ఇది ఆసుపత్రే కదమ్మా అన్నాం. అందుకే వద్దంటున్నానంది. రిటైరైన రైల్వే గార్డు ఒకాయన ఎరుపు తప్ప ఏదీ రంగు కాదన్నాడు. ఈ చర్చ వానాకాలమంతా నడిచింది. కొందరు పరీక్ష అయిపోయినా, ఆరోగ్యం బాగున్నా, చర్చ కోసమే మళ్లీ వచ్చారు. చివరికి నాలుగు గోడలకూ నాలుగు రంగులు వేయించారు. అప్పట్నుంచి మా విభాగం పూరం ఉత్సవంలో ఏనుగుల మీద రంగురంగుల గొడుగులు మార్చే వేళ ఎలా ఉంటుందో ఏడాది పొడుగునా అలా ఉండేది.

మా పరీక్షల్లో ఒక పేకాట కూడా ఉంది. బల్ల మీద నాలుగు కట్టలు బోర్లించి పెడతాం. ముక్క తీస్తే గిన్నెలోకి ఎర్రటి మంజాడి గింజలు వస్తాయి, ఒక్కోసారి పోతాయి. రెండు కట్టలు మోసకారివి. దోసిళ్లతో గింజలిచ్చి, ఉన్నట్టుండి గిన్నె మొత్తం ఊడ్చేస్తాయి. మిగతా రెండూ పిసినారివి. చిటికెడు చిటికెడే ఇస్తాయి కాని, ఆట అయ్యేసరికి గిన్నె నిండుతుంది. మన మెదడు ఎంతసేపటికి ఈ కిటుకు పసిగడుతుందో చూడటమే పరీక్ష.

ఢిల్లీ నుంచి వచ్చిన ఒక పెద్ద ప్రొఫెసరుకి ఈ ఆట ఆడి చూపించాల్సి వచ్చింది డాక్టరు గారికి. ఆయన మొదటి ముక్క మీద చెయ్యి పెట్టి, తీసి, తలుపు తెరిచి, "కాస్త ఎవరైనా ఇటు వస్తారా?" అన్నారు. బయట ఉన్న పెద్దవాళ్లందరూ లోపలికొచ్చారు. "అది కాదు, దాని పక్కది." "అది ముట్టుకోకు, ఇందాక ముంచింది." "నేను చెప్పానా లేదా?" గది చేపల బజారైపోయింది. ఢిల్లీ ప్రొఫెసరు కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇంతకీ మనం ఎవరి మెదడుని పరీక్షిస్తున్నాం?" అని అడిగాడు.

"ఉమ్మడి కుటుంబం సార్," అన్నారు డాక్టరు గారు.

ఇలా నవ్వుకుంటూ రోజులు గడుస్తుండగా ఒక పొద్దున సిమెంటు వ్యాపారం చేసే శశిధరన్ అనే ఆయన తన పెద్దమ్మను వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ కార్త్యాయని టీచర్. ఎనభైకి దగ్గరపడిన మనిషి. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. కిందటేడు చిన్నపాటి పక్షవాతం వచ్చి తగ్గింది కాని, మాట నెమ్మదించింది.

"పెద్దమ్మకు మతి చలించింది. మీరు ఆ మాట రాసిచ్చేస్తే మేం వెళ్లిపోతాం," అన్నాడు శశిధరన్, కుర్చీలో కూర్చోకుండానే.

"ఎలా తెలిసింది?" అన్నాను.

"పెళ్లంటోంది."

"ఎవరి పెళ్లి?"

"ఆవిడ పెళ్లే. శంకుణ్ణి మారార్ అని గుళ్లో చెండ డోలు వాయించేవాడు లేడూ, ఆయనతో. ఆయన ఈవిడకంటే పెద్ద. రిజిస్ట్రారు ఆఫీసులో నోటీసు కూడా ఇచ్చొచ్చారు. నేను బజారులో తలెత్తుకు తిరగాలా వద్దా?"

మనసులో నవ్వొచ్చినా పరీక్ష మొదలుపెట్టాను. "టీచర్, ఈరోజు ఏం వారం?"

ఆవిడ నోరు తెరిచింది. "గురువారం," అన్నాడు శశిధరన్.

"పొద్దున ఏం తిన్నారు?"

"పుట్టు, శనగల కూర," అన్నాడు శశిధరన్.

"నేనిప్పుడు అయిదు మాటలు చెప్తాను. విని తిరిగి చెప్పండి."

శశిధరన్ నాలుగు చెప్పి, అయిదోది మర్చిపోయి తల గోక్కున్నాడు. టీచర్ ఎర్రగోడ వైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి నోరు తెరవడం కూడా మానేసింది.

"చూశారా? ఇంట్లోనూ ఇదే తంతు. ఏం అడిగినా మాట్లాడదు."

నాకు నిజంగా భయమేసింది. నా పరీక్ష ప్రకారం ఆవిడకి సున్నా వస్తుంది. ఆ సున్నా కింద మేం సంతకం పెడితే, ఇక ఆవిడ కూరలో ఉప్పు సంగతి కూడా తను తేల్చుకోవడానికి ఉండదు. వెళ్లి డాక్టరు గారికి చెప్పాను. ఆయన రెండు పెన్నులు ఎదురుగా పెట్టుకుని ఏది వాడాలా అని ఆలోచిస్తున్నారు. రెండూ జేబులో పెట్టుకుని వచ్చారు.

"శశిధరన్ గారూ, తోడొచ్చినవాళ్లకి కూడా మా దగ్గర ఒక పరీక్ష ఉంటుంది. పక్కగదిలో మా నర్సు ఫిలోమినా పేక పరిచి పెట్టింది. కాస్త ఆడి వస్తారా?"

తోడొచ్చినవాళ్లకి పరీక్ష అనేది ఆ క్షణందాకా మా విభాగంలో లేదు. శశిధరన్ వెళ్లాడు. డాక్టరు గారు తలుపు మూసి, టీచరు ఎదురుగా కూర్చుని, ఒక పెద్ద నిట్టూర్పు విడిచారు.

"టీచర్, మా పెరట్లో పనసచెట్టు ఒకటుంది. ఇంటి మీదికి వంగింది. కొట్టించనా, ఉంచనా? నాకేమీ తేలడం లేదు."

టీచర్ ఆయన వైపు తిరిగింది. చాలాసేపు ఏమీ అనలేదు. నేనేదో అనబోతే డాక్టరు గారు నా కాలు తొక్కారు.

"కాస్తుందా?" అంది చివరికి.

"బ్రహ్మాండంగా."

"వంగింది చెట్టా... కొమ్మా?"

"కొమ్మే."

"ఆ కొమ్మ కింద గదిలో ఎవరు పడుకుంటారు?"

"నేనే."

టీచర్ ఆయన్ని ఎగాదిగా చూసింది. "అయితే... తొందరేం లేదు."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. టీచర్ కూడా నవ్వింది. తర్వాత ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది. "వానలకు ముందు... కొమ్మ కొట్టించు. చెట్టు ఉంచు. కాయలు దింపాకే కొట్టించు. ముందు కొడితే... కాయలూ పోతాయి, పెంకులూ పోతాయి."

"మరి పెళ్లి సంగతో?" అన్నారు డాక్టరు గారు, అదీ చెట్టు సంగతే అన్నట్టు.

"ఆలోచించాను. మారార్‌కి వంటొచ్చు. నాకు రాదు. నాకు చూపుంది. ఆయనకు అక్షరాలు ఆనవు. పేపరు నేను చదువుతాను."

"మరి ఇబ్బందులో?"

"గురక పెడతాడు. వేరే గది వేయించాను. ఇంకొకటి... చెండ వాయించీ వాయించీ చెవుడు వచ్చింది."

"పేపరు ఎలా వింటారు మరి?"

"వినిపించాల్సిన పనేముంది? నేను బడిలో ఎంతమందికి పాఠాలు చెప్పాను. అందరూ కిటికీలోంచి బయటికి చూసినవాళ్లే. ఈయన నా ముఖమే చూస్తూ కూర్చుంటాడు. ఎదురు మాట్లాడడు."

అంతలో తలుపు తోసుకుని శశిధరన్ వచ్చాడు. నుదుటి మీద చెమట. చేతిలో గిన్నె ఖాళీ. వెనకాలే ఫిలోమినా వచ్చి, ఆయన అన్నీ పోగొట్టుకుని, ఇంకో గిన్నెడు అప్పడిగి అవీ పోగొట్టుకున్నాడని చెప్పింది.

"ఆ మొదటి కట్టలో ఏదో ఉంది డాక్టర్. ఇంకో నాలుగు ముక్కలు తీయనిస్తే మొత్తం తిరిగొస్తుంది," అన్నాడు.

డాక్టరు గారు లేచి నిలబడ్డారు. "మీ పెద్దమ్మ మెదడు నెమ్మదిగా నడుస్తోంది శశిధరన్ గారూ. నడిచే దారి మాత్రం సరైనదే. మీరడిగిన కాగితం ఆవిడకి రాయలేను. మీక్కావాలంటే చెప్పండి."

శశిధరన్ ముఖం మా ఎర్రగోడని మించిపోయింది. "టీ తాగాలో కాఫీ తాగాలో తేల్చుకోలేని మనిషి మీరని ఊరంతా అంటారు. ఇంత పెద్ద విషయం అయిదు నిమిషాల్లో తేల్చేస్తారా?"

"నేనెక్కడ తేల్చాను? టీచర్ తేల్చారు. నేను అడిగానంతే."

పెళ్లికి మమ్మల్ని సాక్షి సంతకాలకు రమ్మన్నారు. ఆ రోజు ముహూర్తం వేళకి డాక్టరు గారు ఎంతకీ రారు. రిజిస్ట్రారు గడియారం చూస్తున్నాడు. ఏ చొక్కా వేసుకోవాలో తేలక ఇంట్లో చిక్కుబడి ఉంటారని ఆటో తీసుకుని వాళ్లింటికి పరిగెత్తాను.

వాకిట్లో అడుగు పెట్టేసరికి లోపల్నుంచి ఆయన గొంతు వినిపించింది. "రోసిలీ, నీలం చొక్కా. ఆ చెప్పులు కాదు, ఇవి. మధ్యాహ్నం నాకు భోజనం వద్దు. రాత్రికి గంజి చాలు, చేప వండకు. కరెంటువాడు వస్తే ఆ స్విచ్చి ఇక్కడ వద్దు, తలుపు పక్కన పెట్టమను. పిల్లి ఆ బుట్టలో పడుకోవడానికి వీల్లేదు. నా తాళాలు వెతకడం ఆపు, పోతే పోనీ, తాళం పగలగొట్టించేద్దాం."

అంతా ఒక్క ఊపిరిలో. నేను గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఆలస్యానికి కారణం తాళం చెవులన్నమాట.

"చేచీ, సారేనా ఇది?" అన్నాను, ఆయన చొక్కా మార్చుకోవడానికి వెళ్లగానే.

"ఏం? ఇంట్లో ఎప్పుడూ ఇంతే. పోలీసు ఇనస్పెక్టరు," అంది ఆయన భార్య రోసిలీ చేచి. "బయట కొత్తగా ఏదైనా వేషం వేస్తున్నాడా?"

ఆసుపత్రిలో సంగతులు చెప్పాను. గొడుగులు, రంగులు, పెన్నులు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అది మా అమ్మమ్మ అంటించిన జబ్బు. నన్ను చూడ్డానికొచ్చినప్పుడు కాఫీ తాగి, తిన్నగా వెనకగదిలోకి పోయాడు. అమ్మమ్మ అక్కడ మంచం మీద ఉండేది. ఆవిడ పళ్లపొడి ఏదో కూడా మావాళ్లే తేల్చేవారు. ఈయన వెళ్లి, 'మీ మనవరాల్ని చేసుకోనా వద్దా అమ్మమ్మా, నాకేం తేలడం లేదు' అన్నాడు. ఆవిడ లేచి కూర్చుంది. తాగుతావా, కోపమెక్కువా, మీ అమ్మ అరుస్తుందా అని గంటసేపు పీక్కుతింది. చివరికి, 'నీ ముక్కు బాగాలేదు, అయినా చేసుకో' అంది. ఆ రాత్రి అందరితోపాటు బల్ల దగ్గర కూర్చుని అన్నం తింది. పోయేదాకా ఆ పెళ్లి చేసింది తనేనని ఊరంతా చెప్పుకుంది."

"మరి ఆవిడ వద్దంటేనో?"

"అప్పటికే ఆయన జేబులో ఉంగరం ఉంది," అంది చేచి.

ఆటోలో డాక్టరు గారు నా వైపు చూడలేదు. కాస్త దూరం పోయాక, "రోసిలీ ఎక్కువ మాట్లాడుతుంది," అన్నారు.

"అవును సార్."

"వయసొచ్చాక మెదడు కాస్త నెమ్మదిస్తుంది లిస్సీ, అంతే. ఆ కాస్త సేపు ఆగే ఓపిక జనానికి ఉండదు. టీలో చక్కెర ఎంతో కూడా అడగడం మానేస్తారు. ఎవరో ఒకరు అడగొద్దూ?"

ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి, "సార్, రౌండు చుట్టి పోనా, వెనక సందులోంచి పోనా?" అన్నాడు. అతని జుట్టంతా ముగ్గుబుట్ట. డాక్టరు గారు అది చూశారు. నేను ఆయన నోరు మూసేలోపలే, "మీరేమంటారు?" అనేశారు. ఆ చర్చ ముగిసి మేం చేరేసరికి పెళ్లికూతురు రిజిస్ట్రారుకి వడ్డీ లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. పెళ్లికొడుకు ఒక్క ముక్కా వినపడకపోయినా ఆవిడ ముఖమే చూస్తూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి, పేపరు చదువుతున్న మా మామగారిని, "అప్పచ్చా, రాత్రికి ఏం వండమంటారు?" అని అడిగాను.

ఆయన పేపరు దించి నన్ను అనుమానంగా చూశాడు. "నాకేమైనా అయిందా? డాక్టరేమైనా చెప్పాడా?"

"ఏం కాలేదు. ఊరికే అడుగుతున్నా."

చాలాసేపు ఆలోచించి, కర్రపెండలం, మత్తి చేపల పులుసు అన్నాడు. బ్రహ్మాండంగా కుదిరింది. మర్నాడూ అడిగాను. కర్రపెండలం, మత్తి చేపల పులుసు. ఆ మర్నాడూ అంతే. ఆయన హుషారుగా బజారుకి వెళ్లి చేపలు కూడా తనే బేరమాడి తెస్తున్నాడు. వారం తిరిగేసరికి మా వీధి పిల్లులన్నీ మా ఇంటికి మకాం మార్చాయి.

ఆ రోజు మా అత్తగారు నన్ను వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అంది.

"మోళే, రేపట్నుంచి నన్నడుగు."