బోరు స్టాండు మీద దేవకన్య

“తాడు కనబడదే అవ్వా! ఎనక ఆకుపచ్చ గుడ్డ కడ్తం. కంప్యూటర్ల పచ్చదంత తీసేసి మబ్బులు పెడ్తం. తాడు గూడ పచ్చదే గదా, అదీ పోతది.”

“తాడు పోతది సరే. నడుమిరిగితే గది గూడ కంప్యూటర్లనే అతికిస్తవా?”

“అప్పట్ల మన బోరు మోటరునే మోసిన తాడది! నేను మోటరు కన్న బరువా?”

“మోటరుకు పానం లేదు.”

మా మనవరాలు వనపర్తిలో డిగ్రీ చదువుతోంది. తోటి ఆడపిల్లలతో కలిసి ఫోన్‌లోనే ఒక దేవకన్య సినిమా తీస్తోంది. దేవకన్య నడిచి రాకూడదట, పైనుంచే దిగాలట. గోపాల్‌పేట దగ్గర మా చేనులో, పాడైన మోటారును బోరులోంచి లాగడానికి మూడుకాళ్ల ఇనుప స్టాండు నిలబెట్టారు. దాని గొలుసుకు తాడు కట్టుకుని వేలాడతానంటుంది. మరునాడు పొద్దున్నే స్టాండు విప్పుకుని పోతారు కాబట్టి ఆమెకు తొందర.

మోటారు వాళ్ల దగ్గర గట్టి తాడే ఉంది, కానీ నల్లది. అది తెరమీద కనబడుతుందని, గడ్డివాముకు కట్టిన మా పాత ఆకుపచ్చ నైలాన్ తాడు ఆడపిల్లలు విప్పి తెచ్చారు. రంగు చూసి తాడును ఎంచుకున్నారు. ఏళ్ల తరబడి ఎండలో ఉన్నది. అరచేతిలో రుద్దితే నూగు రాలింది. మనిషిని మోస్తుందో తెగుతుందో నాకూ తెలియదు. తెలియని దానికి పిల్లను కట్టలేను.

“విప్పు,” అన్నాను.

“విప్ప! నువ్ జర పక్కకు జరుగు. లేపే!” అని గొలుసు దగ్గరున్న స్నేహితురాలికి చెప్పింది.

కాళ్లు నేల విడిచాయి. తాడు కిర్రుమంది. నేను వెళ్లి ఆ రెండు కాళ్లూ కావలించుకున్నాను.

“దించు! దించకుంటే నేను గూడ ఏలాడ్త!”

దించారు. ముడి విప్పించి, కొడవలితో ఆ తాడును ముక్కలు చేశాను. మూరెడు పురికొస కూడా పారేయనివ్వని దాన్ని నేను.

“నా సిన్మానే కోసినవ్ గదే,” అని పిల్ల అన్నం ముట్టకుండా పడుకుంది. నేనూ బతిమాలలేదు.

మరునాడు పొద్దున మోటారు వాళ్లు వచ్చారు. పిల్ల ఆకుపచ్చ గుడ్డ అంచు చింపి, ఆ పేలికలు నల్ల తాడుకు చుట్టింది. మోటారు వాళ్ల పెద్దాయన ముడి వేసి, గొలుసు తనే లాగాడు. పిల్ల నడుమెత్తు లేచింది, అంతకు మించి నేను ఒప్పుకోలేదు. స్నేహితురాళ్లు ఫోన్‌లో తీసుకున్నారు. దిగాక పిల్ల రెండు జొన్నరొట్టెలు తిని కాలేజీ బస్సెక్కింది.